ప్రొటెక్టర్ వద్దకు దారి: వ్యాపారం, మానవ హక్కులు, మన దీవి అనుభవం

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భారతీయ వలసల దస్తావేజులు భద్రపరచి ఉన్నాయి. తాతముత్తాతల జాడ వెదుకుతూ అక్కడికి వెళ్లిన వారిలో అదృష్టవంతులకు ఒక ఫోటో దొరుకుతుంది. తలపాగా చుట్టుకొన్న పురుషుడో, కొంగు కప్పుకొన్న స్త్రీయో కెమెరా వైపు నిటారుగా చూస్తూ ఉంటారు. ఆ ప్రతిని ఇంటికి తెచ్చి, పటం కట్టించి, దేవుని గదిలో ఉంచుకొనే కుటుంబాలు మనలో అనేకం ఉన్నాయి. అది మన వంశానికి మిగిలిన ఏకైక ముఖచిత్రం కావచ్చును.

అయితే ఆ ఫోటో ఎవరు తీయించారు, ఎందుకు తీయించారు అన్న ప్రశ్న మనం సాధారణంగా వేసుకోము. మన పూర్వికులు ముచ్చటపడి తీయించుకొన్న చిత్రం కాదది. వలస శ్రామికుడు ఎల్లవేళలా వెంట ఉంచుకోవలసిన టికెట్టు మీద అంటించడానికి, పోలీసు ఆపినప్పుడు ముఖంతో పోల్చి చూడడానికి, ప్రభుత్వ శాసనం చేత తీసిన చిత్రం. దాని ఖర్చు కూడా శ్రామికుని మీదనే పడేది.

ఈ వ్యాసం ఆ టికెట్టును గురించినదే. కాని దానితోపాటు నేడు ప్రపంచమంతటా వినవస్తున్న ఒక మాటను కూడా వివరించవలసి ఉంది: “వ్యాపారం, మానవ హక్కులు”. వ్యాపార సంస్థల చేతిలో మనుషుల హక్కులు దెబ్బతినకుండా ప్రభుత్వం ఏమి చేయాలి, సంస్థ ఏమి చేయాలి, దెబ్బతిన్నవాడు ఎక్కడికి వెళ్లాలి అన్నవి అందులోని ముఖ్య ప్రశ్నలు. ఈ ప్రశ్నలు ఇటీవల పుట్టాయని చాలామంది భావిస్తారు. మన దీవిలో మాత్రం ఇవి 19వ శతాబ్దంలోనే చట్టాలలోకి, విచారణ నివేదికలలోకి ఎక్కాయి.

ముందుగా కొన్ని మాటలను గమనిద్దాము. తెలుగులో “కూలి” అంటే పనికి ఇచ్చే ప్రతిఫలం. పని చేసేవాడు కూలివాడు. వలస పాలకుల నోట ఆ రెండూ కలిసిపోయి, ప్రతిఫలం పేరే మనిషికి పేరైంది. “ఒప్పందం” అన్నది “ఒప్పు” నుండి వచ్చిన మాట. ఒప్పు అంటే అంగీకరించడం, సరియైనది అని కూడా అర్థం. అంగీకరించినదెల్లా సరియైనది కాదని మన పూర్వికుల చరిత్ర చెబుతుంది గాని, భాష మాత్రం రెండింటినీ ఒకే మాటలో దాచింది. ఇక “ఫిర్యాదు” పారసీకం నుండి మనకు వచ్చింది. దాని మూలార్థం ఆర్తనాదం, సహాయం కోసం పెట్టే కేక. ఈ మూడవ మాటే ఈ వ్యాసానికి కీలకం.

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మంది శ్రామికులతో కలకత్తా నుండి పోర్ట్ లూయిస్ చేరింది. మూడు నెలల తరువాత, 1835 ఫిబ్రవరి 1న, దీవిలో బానిసత్వ నిర్మూలన చట్టం అమలులోకి వచ్చింది. విముక్తి పొందిన బానిసలకు కాక, వారిని కోల్పోయిన యజమానులకు బ్రిటిషు ప్రభుత్వం 20 లక్షల పౌన్లకు పైగా పరిహారం చెల్లించింది. ఆ ధనంతో, భారతదేశం నుండి వచ్చిన శ్రామికులతో చెరకు వ్యాపారం విస్తరించింది. అంటే మొదటి రోజు నుండి ఈ వ్యాపారంలో ప్రభుత్వం కేవలం ప్రేక్షకుడు కాదు. పెట్టుబడి సమకూర్చింది, శ్రామికులను రప్పించే చట్టాలు రచించింది, వారిని దింపుకొనే రేవు కట్టింది. నేడు ఆప్రవాసీ ఘాట్ అని మనం పిలుచుకొనే ఆ పదహారు రాతి మెట్లు ప్రభుత్వ డిపోలోనివే.

తొలి సంవత్సరాలలోనే మోసాల గురించి, ఓడలలోని దుస్థితి గురించి ఆక్షేపణలు వచ్చాయి. భారతదేశంలోని ప్రభుత్వం వలసను నిలిపివేసింది. 1842లో మళ్లీ అనుమతించినప్పుడు ఒక షరతు విధించారు. శ్రామికుల మంచిచెడ్డలు చూడడానికి ప్రభుత్వోద్యోగి ఒకడు ఉండాలి. అతనికి “ప్రొటెక్టర్ ఆఫ్ ఇమిగ్రెంట్స్” అని పేరు. తెలుగులో చెప్పాలంటే వలసదారుల రక్షకుడు. పేరు గంభీరమైనదే. 1910 వరకు ఈ దీవికి వచ్చిన దాదాపు నాలుగున్నర లక్షల మంది కాగితాలు అతని కార్యాలయం గుండానే నడిచాయి. గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి కోరంగి వంటి రేవుల మీదుగా వచ్చిన మనవారు కూడా అందులో ఉన్నారు. ఇక్కడ మనలను “కోరంగీలు” అని పిలవడం ఆ రేవు పేరు వల్లనే.

ఇక చట్టం లోపల ఏమి వ్రాసి ఉన్నదో చూద్దాము. తొలినాటి ఒప్పందాలలో పురుషునికి నెలకు 5 రూపాయల జీతం, బియ్యం, పప్పు, ఉప్పు మొదలైన భత్యం. ఒప్పందం ఐదు సంవత్సరాలు. అనుమతి లేకుండా ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. దీనినే “డబుల్ కట్” అన్నారు. ఫ్రెంచి, క్రియోలు మాట్లాడే దీవిలో “దూబ్ల్ కూప్” అని మన పెద్దలు చెప్పుకొనేవారు. లెక్క వేసి చూడండి. నెలకు 26 పనిదినాలనుకొంటే, 13 రోజులు హాజరై 13 రోజులు రానివాడు చేసిన పనికి కూడా ఒక్క కాసు పుచ్చుకోడు. 15 రోజులు రానివాడు 11 రోజులు పనిచేసి, ఇంకా యజమానికే బాకీ పడతాడు. ఇది ఏ దుర్మార్గపు సర్దారో చాటుగా చేసిన పని కాదు. దీవి చట్టం అనుమతించిన లెక్క.

ఐదేళ్ల ఒప్పందం పూర్తి చేసినవారిని “పాత వలసదారులు” అనేవారు. వారు స్వేచ్ఛాజీవులు కావలసినది. కూరగాయలు పండించుకోవచ్చు, అంగడి పెట్టుకోవచ్చు, ఇష్టమైన యజమాని వద్ద పని చేయవచ్చు. చెరకు యజమానులకు ఇది నచ్చలేదు. చేతులు కావాలి, అదీ చౌకగా కావాలి. గవర్నర్ బార్క్లీ కాలంలో, 1867లో, వచ్చిన కార్మిక శాసనం ఈ కోరికను తీర్చింది. పాత వలసదారుడు ఫోటో ఉన్న టికెట్టు ఉంచుకోవాలి. తాను నివసించే జిల్లా పోలీసుల నుండి పాసు పొందాలి. పాసు లేక జిల్లా దాటితే దేశదిమ్మరి. టికెట్టు పోగొట్టుకొంటే నకలుకు ఒక పౌను చెల్లించాలి. ఒక పౌను అంటే ఆనాడు సుమారు 10 రూపాయలు, అనగా తొలి ఒప్పందాల లెక్క ప్రకారం రెండు నెలల జీతం. దేశదిమ్మరులుగా పట్టుబడినవారిని ఉంచడానికి గ్రాండ్ రివర్ వద్ద ఒక ప్రత్యేక డిపో ఉండేది. మలేరియా దీవిని ఊడ్చివేస్తున్న ఆ సంవత్సరాలలోనే పోలీసులు దారుల మీద మనుషులను వేటాడారు. “వేట” అన్నది నా అతిశయోక్తి కాదు. ఆనాటి వాదవివాదాలలో వాడిన మాటే అది.

ఇప్పుడు ఒక శ్రామికుని ఊహించండి. ఫ్లాక్ జిల్లాలోని ఎస్టేటులో అతనికి మూడు నెలలుగా జీతం అందలేదు. చట్ట ప్రకారం ఫిర్యాదు చేసుకొనే హక్కు అతనికి ఉంది. మేజిస్ట్రేటు ఉన్నాడు, పోర్ట్ లూయిస్‌లో ప్రొటెక్టర్ కూడా ఉన్నాడు. కాని అక్కడికి వెళ్లడానికి పని మానాలి. పని మానితే కోత. దారిలో పోలీసు ఆపితే పాసు చూపాలి. ఒప్పందంలో ఉన్నవానికి సెలవు ఇవ్వవలసినది ఎవరు? ఎవరి మీద ఫిర్యాదు చేయబోతున్నాడో ఆ యజమానే. ఇన్నీ దాటి మేజిస్ట్రేటు ముందు నిలిచినా, తెలుగు మాత్రమే తెలిసినవాని మాట న్యాయపీఠానికి చేరాలంటే మధ్యలో దుబాసీ కావాలి. రక్షకుడు ఉన్నాడు. రక్షకుని వద్దకు దారి లేదు.

1871 జూన్ 6న గవర్నర్ ఆర్థర్ గోర్డన్‌కు 9,401 మంది పాత వలసదారులు చేవ్రాలు చేసిన ఒక మహజరు అందింది. వారికి తోడుగా నిలిచినవాడు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే యూరోపియన్. నూవెల్ దెకువెర్త్ ఎస్టేటు వ్యవహారాలు చూసేవాడు. మహజరు రచనలో రాజరత్నం ముదలియార్ సహాయపడ్డాడు. టికెట్టు కోసం పట్టణానికి ఎన్నిసార్లు తిరగవలసి వచ్చేదో, ఎన్ని పనిదినాలు పోయేవో, నిరపరాధులను ఎట్లా పట్టుకొన్నారో అందులో విన్నవించుకొన్నారు. ఆ 9,401 మందిలో ప్రతి ఒక్కరూ ఆ చేవ్రాలు చేయడానికి ఎంత ధైర్యం కూడగట్టుకొన్నారో మనం అంచనా వేయలేము. చరిత్ర పుస్తకాలు ప్లెవిట్జ్‌ను స్మరిస్తాయి. స్మరించవలసినదే. కాని ఆయనకు తిరిగి వెళ్లడానికి ఎస్టేటు గుడిసె, కోత పడే జీతం లేవు.

యజమానుల వర్గం మండిపడింది. ప్లెవిట్జ్‌ను దీవి నుండి వెళ్లగొట్టమని గవర్నర్‌ను కోరుతూ వారూ ఒక వినతిపత్రం సమర్పించారు. పోర్ట్ లూయిస్ వీధిలో ఆయన మీద దాడి జరిగింది. గోర్డన్ బహిష్కరణకు అంగీకరించలేదు. మొదట పోలీసుల ప్రవర్తన మీద స్థానిక విచారణ జరిగింది. తరువాత లండన్ నుండి ఫ్రేర్, విలియమ్సన్ అనే ఇద్దరు సభ్యులతో రాయల్ కమిషన్ వచ్చింది. 1875లో వెలువడిన వారి నివేదిక చాలా పెద్ద గ్రంథం. దాని సారం మహజరుదారుల పక్షాన ఉంది. పోలీసుల అరెస్టులు విచ్చలవిడిగా జరిగాయని, జీతాలు నెలల తరబడి ఆలస్యమయ్యాయని, ప్రొటెక్టర్ కార్యాలయం రక్షణ బాధ్యతను సరిగా నిర్వర్తించలేదని అందులో నమోదైంది. 1878లో కొత్త కార్మిక శాసనం వచ్చింది. పాసుల బాధ తగ్గింది. డబుల్ కట్ మాత్రం మరో మూడు దశాబ్దాలు బతికింది. మణిలాల్ డాక్టర్ దీవికి వచ్చి శ్రామికుల పక్షాన వాదించిన తరువాత, 1909 నాటి రాయల్ కమిషన్ కాలంలో గాని అది తొలగలేదు.

ఈ కథ తెలిసినవారికి ఐక్యరాజ్య సమితి సూత్రాలు సులభంగా అర్థమవుతాయి. 2005లో సమితి ప్రధాన కార్యదర్శి జాన్ రగ్గీ అనే ఆచార్యుని ప్రత్యేక ప్రతినిధిగా నియమించారు. ఆయన ఆరు సంవత్సరాల కృషి ఫలితంగా 31 మార్గదర్శక సూత్రాలు రూపొందాయి. 2011 జూన్ 16న మానవ హక్కుల మండలి వాటిని ఆమోదించింది. వాటికి మూడు స్తంభాలు. కాపాడడం ప్రభుత్వ విధి. గౌరవించడం వ్యాపార సంస్థ బాధ్యత. హాని జరిగినవానికి పరిహారం పొందే మార్గం ఉండాలి. ఇవి చట్టం కావు, ఏ దేశాన్నీ న్యాయస్థానానికి ఈడ్చలేవు. అందువల్ల తీసిపారవేసేవారూ ఉన్నారు. కాని ప్రభుత్వాలు తమ విధానాలను తూచుకోవడానికి అంతకు ముందు ఇటువంటి తూనికరాయి లేదు.

రెండవ స్తంభం వద్ద కొంచెం ఆగవలసి ఉంది. సంస్థ బాధ్యత దేశ చట్టాలను పాటించడంతో ముగియదని 11వ సూత్రపు వ్యాఖ్య స్పష్టంగా చెబుతుంది. చట్టం తక్కువ కోరినా, సంస్థ మానవ హక్కులను గౌరవించవలసిందే. దీనిని డబుల్ కట్‌తో పోల్చండి. ఒక రోజుకు రెండు రోజుల జీతం కోసిన యజమాని ఏ చట్టాన్నీ ఉల్లంఘించలేదు. “మేము చట్టబద్ధంగానే నడచుకొన్నాము” అని అతడు నిజాయితీగా అనగలడు. ఆ మాటకు 19వ శతాబ్దంలో సమాధానం లేదు. నేడు కనీసం కాగితం మీద ఉంది. పైగా 17వ సూత్రం ప్రకారం సంస్థ తన పనివల్ల, తనకు సరకు అందించేవారి పనివల్ల ఎవరికి హాని కలుగుతున్నదో ముందుగానే వెదకి, నివారించి, లెక్క చెప్పాలి. దీనిని “తగిన జాగరూకత” అనవచ్చును.

మూడవ స్తంభమే అతి తరచుగా విస్మరణకు గురి అవుతున్నదని నా అభిప్రాయం. ఫిర్యాదు వ్యవస్థ ఎట్లా ఉండాలో 31వ సూత్రం కొన్ని కొలమానాలు ఇస్తుంది. అది నమ్మదగినదై ఉండాలి, అందుబాటులో ఉండాలి, ఎప్పుడు ఏమి జరుగుతుందో ముందే తెలియాలి. “అందుబాటు” అన్న మాటకు ఇచ్చిన వివరణలో భాష, అక్షరాస్యత, ఖర్చు, దూరం, ప్రతీకార భయం అన్నీ ఉన్నాయి. 1871లో మహజరు మీద చేవ్రాలు చేసినవాడు ఆ జాబితా విన్నట్లయితే తన గురించే వ్రాశారనుకొనేవాడు.

20వ శతాబ్దపు చరిత్ర మన ఇళ్లలో చెప్పుకొనేదే కాబట్టి క్లుప్తంగా దాటుతాను. 1937లో ఊబా రకం చెరకు ధర మీద చిన్న రైతులు, శ్రామికులు తిరగబడిన తరువాతనే, 1938లో, కార్మిక శాఖ ఏర్పడింది, కార్మిక సంఘాలకు చట్టబద్ధత లభించింది. 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ హారెల్ ఎస్టేటులో పోలీసు కాల్పులకు నలుగురు బలియైనారు. వారిలో అంజలై కూపెన్ గర్భవతి. ఇక్కడ ఒక క్రమం కనిపిస్తుంది. ముందు ఘర్షణ, తరువాత విచారణ, ఆ తరువాత శాసనం. ప్రభుత్వ విధానం తనంతట తాను ముందుకు రాలేదు.

నేటి దీవిలో చెరకు కంటే వస్త్ర పరిశ్రమ, పర్యాటకం, ఇతర సేవలు ప్రధానం. 1970లో ఎగుమతి ఉత్పత్తుల మండల చట్టం వచ్చిన తరువాత కుట్టు కర్మాగారాలు వెలిశాయి. మన పిల్లలు చదువుకొని ఇతర ఉద్యోగాలకు వెళ్లినకొద్దీ ఆ యంత్రాల ముందు బంగ్లాదేశ్, మడగాస్కర్, భారతదేశం, నేపాల్ నుండి వచ్చినవారు కూర్చొన్నారు. వారూ గడువు గల ఒప్పందం మీదనే వస్తారు, సంస్థ సమకూర్చిన వసతిగృహాలలోనే నివసిస్తారు. వారి పని అనుమతి ఒక నిర్దిష్ట యజమానితో ముడిపడి ఉంటుంది. ఏజెంట్లకు రుసుము కట్టడానికి స్వదేశంలో అప్పు చేసి వచ్చినవారి సంగతి ఇటీవలి సంవత్సరాలలో స్వతంత్ర పరిశోధకులు వెలుగులోకి తెచ్చారు. అప్పు తీరక ముందే తిప్పి పంపితే ఏమవుతుందో ఆ శ్రామికునికి తెలుసు. కాబట్టి అతడు కేక పెట్టడు.

ఇది పూర్వపు గిర్మిటియా వ్యవస్థ పునరావృతమేనని అనడం నా ఉద్దేశం కాదు. తేడాలు పెద్దవి. నేడు పని మానినవానిని జైలులో పెట్టే చట్టం లేదు. బలవంతపు చాకిరీని నిషేధించే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికలను దేశం అంగీకరించింది. 2009లో మనుషుల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా చట్టం వచ్చింది. 2019లో కార్మికుల హక్కుల చట్టం వచ్చింది. కార్మిక మంత్రిత్వ శాఖలో వలస కార్మికుల కోసం ప్రత్యేక విభాగం ఉంది. కాని పోలికను పూర్తిగా త్రోసిపుచ్చితే మన పూర్వికుల అనుభవం దేనికీ పనికిరాని పటంగా గోడ మీద మిగులుతుంది.

ఇతర దేశాలు ఏమి చేస్తున్నాయి? మార్గదర్శక సూత్రాలను అమలు చేయడానికి జాతీయ కార్యాచరణ ప్రణాళికను మొదట ప్రకటించినది బ్రిటన్, 2013లో. ఆఫ్రికాలో కెన్యా, ఉగాండా 2021లో ప్రణాళికలు తెచ్చాయి. 2017లో ఫ్రాన్స్ ఒక అడుగు ముందుకు వేసి, తమ దేశంలో 5,000 మంది లేదా ప్రపంచమంతటా 10,000 మంది ఉద్యోగులు గల సంస్థలు సరఫరాదారుల వద్ద జరిగే హానిని కూడా ముందుగా గుర్తించి నివారించాలని చట్టం చేసింది. మన కర్మాగారాల దుస్తులు ఫ్రాన్స్‌కూ వెళతాయి కాబట్టి ఇది దూరపు సంగతి కాదు. భారతదేశం 2019లో బాధ్యతాయుత వ్యాపార ప్రవర్తనకు తొమ్మిది సూత్రాలు ప్రకటించింది. అందులో ఐదవది మానవ హక్కులను గౌరవించి, ప్రోత్సహించమంటుంది. 2022–23 ఆర్థిక సంవత్సరం నుండి షేరు బజారులో విలువ ప్రకారం మొదటి 1,000 సంస్థలు వాటి మీద ఏటా నివేదిక ఇవ్వడం తప్పనిసరి అయింది.

నివేదికలు అవసరమే. అయితే మన ప్రొటెక్టర్ కార్యాలయం కూడా ఏటేటా నివేదికలు వ్రాసింది. ఎంతమంది వచ్చారు, ఎంతమంది మరణించారు, ఎన్ని ఒప్పందాలు కుదిరాయి అన్న పట్టికలు వాటిలో చక్కగా ఉంటాయి. 9,401 మంది చెప్పిన సంగతి ఆ పట్టికలలో లేదు. కనుక ఏ ప్రభుత్వ విధానాన్ని చూసినా నేను మొదట చూసేది అందులోని పరిహారపు అధ్యాయాన్నే. ఫిర్యాదు చేసినవాని పని అనుమతి విచారణ ముగిసేదాకా చెల్లుతుందా? ఆ కాలంలో వేరొక యజమాని వద్ద పని చేసుకొనే వీలు ఉందా? తనిఖీ అధికారి వచ్చే సంగతి కర్మాగారానికి ముందే తెలుస్తుందా? ఏజెంటు పుచ్చుకొన్న రుసుమును ఎవరు తిరిగి ఇవ్వాలి? వీటికి సమాధానం లేని ప్రణాళికలో ఎన్ని సూత్రాలు ఉన్నా, పోర్ట్ లూయిస్‌లో ప్రొటెక్టర్ ఉన్నాడని ఫ్లాక్ శ్రామికునికి చెప్పినట్లే ఉంటుంది.

మరొక ప్రశ్న భాషను గురించినది. ఈ పుటలు చదువుతూ తెలుగు మళ్లీ నేర్చుకొంటున్న మీకు, అక్షరం రానిచోట మాట ఎట్లా గొంతులో నిలిచిపోతుందో తెలుసు. మన ముత్తాతకు ఆనాడు ఫ్రెంచి, ఇంగ్లీషు తెలియవు. నేడు కుట్టు యంత్రం ముందు కూర్చొన్న స్త్రీకి బెంగాలీయో మలగాసీయో తెలుసు. ఆమె సంతకం చేసిన ఒప్పందం ఏ భాషలో ఉంది, ఫిర్యాదు కోసం ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే అవతల ఎత్తినవారు ఏ భాషలో పలుకుతారు అన్నవి అడిగి తెలుసుకోవడం మన సంఘాలకు కష్టమైన పని కాదు.